అడవి మృగములకు ఊరి కావలి

(ప్రసంగ పాఠము)

ఆఫ్రికా ఖండమనగానే మన మనస్సునకు మొదట తోచునవి మృగములు. చెవులు విప్పి నిలచిన ఏనుగు, చెట్టునీడన కునుకు తీయు సింహము, కనుచూపు మేర పరచుకొన్న జింకల మందలు - ఇవియే మనము చిత్రములలో చూచునవి. మృగములను చూడవచ్చిన యాత్రికులు కూడ అప్పుడప్పుడు ఆ చిత్రములలో కనబడుదురు. కాని ఆ నేలమీదనే తరతరములుగా పశువులను మేపుకొనుచు, సజ్జలు చల్లుకొనుచు జీవించుచున్న ప్రజలు మాత్రము అరుదుగా గాని కనబడరు. ఏనుగు పగులగొట్టిన నీటితొట్టి యెవరిది? రాత్రివేళ సింహము ఈడ్చుకొనిపోయిన మేక యెవరిది? మేకను పోగొట్టుకొన్న ఆ గృహస్థు ఆ సింహమును బ్రతుకనీయుటకు కారణమేమి? వన్యప్రాణి సంరక్షణమను పెద్ద సమస్య అంతయు ఈ చిన్న ప్రశ్నలో ఇమిడియున్నది.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 2022 సెప్టెంబరు 17వ తేదీన నమీబియా దేశము నుండి ఎనిమిది చీతాలు విమానములో వచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో వనమున దిగినవి. చీతా యనగా మన చిరుతపులి కాదు. సన్నని నడుము, పొడవైన కాళ్లు గలిగి, పరుగులో ఏ జంతువునకును చిక్కని మృగము. ఒకప్పుడు మన దేశమున రాజులు దీనిని పెంచి వేటకు తోడ్కొనిపోయెడివారు. వేటవలనను, బీళ్లు పొలములుగా మారుటవలనను క్రమముగా తరిగి, 1952 నాటికి ఈ మృగము భారతదేశమున లేనట్లే ప్రకటింపబడినది. మనము పోగొట్టుకొన్న దానిని ఏడు దశాబ్దముల తరువాత నమీబియా మన కీయగలిగినది. ఆ దేశమునకు అది యెట్లు మిగిలినది? ప్రభుత్వపు కంచెలును, తుపాకులును మాత్రమే కాపాడినవా? కాదు. అచటి చీతాలలో అధిక భాగము రక్షిత వనములకు వెలుపల, పశువుల బీళ్లలో తిరుగుచున్నవి. కనుక ఆ దేశపు సంరక్షణ చరిత్ర వనముల చరిత్ర మాత్రమే కాదు. ఊళ్ల చరిత్ర కూడ.

నమీబియా ఆఫ్రికా ఖండమునకు నైరృతి మూలన, అట్లాంటిక్ సముద్రతీరమున ఉన్నది. దాని వైశాల్యము 8,24,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటిని కలిపినను దానిలో మూడవ వంతు మాత్రమే యగును. కాని 2023 జనాభా లెక్కలలో ఆ దేశమున తేలిన జనము 30 లక్షలు. హైదరాబాదు నగరములో ఇంతకు రెట్టింపు కంటె ఎక్కువమంది ఉన్నారు. ఇంత విశాలదేశమున ఇంత కొద్దిమంది ఉండుటకు కారణము నీరు లేకపోవుట. మనము కరవుసీమయని చెప్పుకొను అనంతపురములో ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడును. నమీబియా వాయవ్య భాగమున, ఎడారి అంచులలో, 10 సెంటీమీటర్లు పడిన ఏడు మంచి యేడు. అట్టి చోట కూడ ఏనుగులు ఉన్నవి. ఎండిన ఏటి యిసుకను కాలితోను తొండముతోను త్రవ్వి నీరు తీసి త్రాగుచు, మేతకై ఒక ఏటి నుండి మరియొక ఏటికి ఎడారి దాటి నడచుచు అవి బ్రతుకుచున్నవి. ఆ యేటి ఒడ్డులలోనే హింబా, హెరెరో, దమారా జాతుల పశువులును నీరు త్రాగవలెను. మనిషికిని మృగమునకును ఒకటే చెలమ. తగవు అక్కడనే పుట్టుచున్నది.

పూర్వచరిత్ర కొంత తెలిసికొనక తప్పదు. 1884లో ఈ దేశము జర్మనుల వలసరాజ్యమైనది. 1907లో వారు ఎటోషా అను విశాలమైన ఉప్పుటేరు మైదానమును మృగరక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. 1915 నుండి దక్షిణాఫ్రికా ప్రభుత్వపు ఏలుబడి వచ్చినది. ఏలినవారు మారినను నియమము మారలేదు: అడవి మృగము సర్కారువారిది. తరతరములుగా ఎటోషా నీటికుంటల చుట్టు వేటాడి జీవించిన సాన్ ప్రజలను 1954లో అచటినుండి వెడలగొట్టిరి. నిన్నటి వరకు వేట యనుకొన్నది ఆ దినము నుండి దొంగతన మైనది.

1967 ప్రాంతమున ఒక మార్పు జరిగెను. పెద్ద పెద్ద కమతములు గల తెల్లజాతి రైతులకు తమ భూమిపై తిరుగు జింకలు మొదలగు వాని విషయమున హక్కు ఈయబడినది. అవి వారికి ఆదాయము తెచ్చునవి యగుటతో, అంతవరకు పశువుల మేతకు పోటీయని చంపబడిన జంతువులను వారు కాపాడసాగిరి. వారి కమతములలో మృగముల సంఖ్య పెరిగినది. కాని నల్లజాతివారు నివసించు ఉమ్మడి భూములలో ఆ హక్కు లేదు. అచటి రైతు ఏనుగువలన నష్టమునంతయు భరింపవలెను. దానివలన వచ్చు లాభములో అతనికి పైసయైన రాదు. అట్టి మృగమును అతడు కాపాడవలెననుట న్యాయమా? ఫలితము ఊహింపదగినదే. ఉమ్మడి భూములలో మృగములు తరిగిపోయినవి.

1980 ప్రాంతమున వాయవ్య దిక్కున కావోకోవెల్డ్ అను సీమలో ఘోరమైన కరవు వచ్చెను. పశువులలో అధికభాగము చచ్చిపోయినవి. ధనమన్నను, అన్నమన్నను పశువే యైన జాతికి అంతకంటె పెద్ద విపత్తు లేదు. ఆకలిగొన్నవారు మాంసమునకై వేటాడిరి; దంతములకును, ఖడ్గమృగపు కొమ్ములకును వెలయిచ్చు వర్తకులు దాపురించిరి; ఆయుధములు ధరించిన అధికారులు కొందరు కూడ వేటకు దిగిరి. ఏనుగులు కొన్ని వందలకు తగ్గినవి. నల్ల ఖడ్గమృగములు నూరు దాటనంత కొద్దిగా మిగిలినవి. సర్కారు ఉద్యోగులు వేళ్లపై లెక్కింపదగినంత మంది. ఆ కొండలలో, ఆ యిసుకలో, వారు ఎవరిని పట్టగలరు?

ఆ సమయమున గార్త్ ఓవెన్-స్మిత్ అను నతడు, దక్షిణాఫ్రికాలో పుట్టి ఆ సీమను బాగుగ నెరిగినవాడు, ఒక సామాన్యమైన పని చేసెను. అతడును, క్రిస్ ఎయిర్ అను ప్రభుత్వోద్యోగియు ఊరిపెద్దల చెంతకు పోయి, చెట్టు క్రింద వారితో కూర్చుండి, "ఈ మృగములు నశించుచున్నవి; మీ యభిప్రాయమేమి?" అని యడిగిరి. అంతవరకు ఎవ్వరును వారిని ఆ మాట అడిగి యుండలేదు. పెద్దలు చెప్పినది విని వారికే ఆశ్చర్యము కలిగినది. తమ బిడ్డలు ఖడ్గమృగమును చూడకుండ పెరుగుట వారికిని ఇష్టము లేదు. జాషువా కంగోంబె మొదలగు పెద్దలు తమ జనములోనుండియే నమ్మకమైన మనుష్యులను కావలికి నియమించుటకు అంగీకరించిరి. ఆ విధముగా 1983 ప్రాంతమున ఊరి కావలివారి పద్ధతి ఆరంభమైనది. వారికి తుపాకులు లేవు, యూనిఫారములు లేవు. బత్తెముగా మొక్కజొన్నపిండి మొదలగు వెచ్చములు, కొంచెము రొక్కము - అంతయే జీతము.

ఈ పద్ధతిలోని కీలకమును గమనింపవలెను. కావలివాడు సర్కారునకు కాక తన పెద్దకు జవాబుదారి. అతని పని దొంగను పట్టుట కాదు. దొంగతనము జరుగకుండ చూచుట. పట్టణమునుండి వచ్చిన పోలీసునకు ఇసుకలో అడుగుజాడ వట్టి జాడయే. కావలివానికి అది ఫలానావాని చెప్పు. ఏ రాత్రి ఎవరి యింట మాంసము వండిరో ఊరిలో అందరికిని తెలియును. ఊరు వలదనుకొన్న పనిని ఊరిలో దాచిపెట్టి చేయుట దుర్లభము. కొద్ది సంవత్సరములలో ఆ సీమలో దొంగవేట చాలవరకు అణగినది.

అయితే కావలి ఒక్కటే చాలదు. కాచినవానికి ఫలము కూడ దక్కవలెను. మార్గరెట్ జేకబ్సన్ అను విదుషీమణి హింబా ప్రజల నడుమ నివసించి వారి జీవనమును పరిశోధించెను. ఆమెయు ఓవెన్-స్మిత్తును కలిసి, 1987లో పుర్రోస్ అను ఎడారి పల్లెలో ఒక చిన్న ప్రయోగము చేసిరి. మృగములను చూడవచ్చు యాత్రికులు తలకింత అని ఆ పల్లెకు రుసుము చెల్లించునట్లు ఏర్పాటు జరిగినది. మొత్తము చిన్నదే. కాని బ్రతికియున్న ఏనుగు పేరిట ఆ పల్లెవారి చేతిలో రొక్కము పడుట అదియే మొదటిసారి. వీరిద్దరికిని 1993లో పర్యావరణ సేవకు గాను గోల్డ్‌మన్ బహుమానము లభించెను. ఓవెన్-స్మిత్ 2020లో దివంగతుడైనాడు.

1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైనది. ప్రకృతిసంపదను కాపాడుట రాజ్యముయొక్క బాధ్యతయని తన రాజ్యాంగముననే వ్రాసికొన్న దేశములలో అది యొకటి. వన్యప్రాణిశాఖకు మొదటి మంత్రియైన నికో బెస్సింగర్ ఉమ్మడి భూములలోని ప్రజల యభిప్రాయములను ఊరూర సేకరింపజేసెను. ప్రజలు మృగములు వలదనలేదు. తెల్లరైతునకు గల హక్కు తమకును కావలెననిరి. ఇంత న్యాయమైన కోరికను కాదనుట స్వతంత్ర ప్రభుత్వమునకు సాధ్యము కాదు. 1996లో చట్టము సవరింపబడినది. ఆ చట్టము వలన ఏర్పడిన సంస్థలకు 'కన్సర్వెన్సీ'లని పేరు. మనము వానిని సంరక్షణ సమితులని చెప్పుకొందము.

సమితి యేర్పడుటకు కొన్ని నిబంధనలు కలవు. దాని యెల్లలను ఇరుగుపొరుగు వారితో కలిసి నిర్ణయించుకొనవలెను. సభ్యుల పట్టిక ఉండవలెను. సభ్యులు ఎన్నుకొన్న కార్యవర్గము ఉండవలెను. వ్రాతపూర్వకమైన నియమావళి ఉండవలెను. వచ్చిన లాభమును అందరికి న్యాయముగా పంచు పద్ధతిని ముందుగనే చెప్పవలెను. ఇవి నెరవేరినచో ప్రభుత్వము దానిని నమోదు చేయును. అంతట ఆ సమితికి తన ప్రాంతములోని మృగములవలన వచ్చు ఆదాయముపైనను, యాత్రికుల వసతి గృహములను ఏర్పాటు చేయు విషయమునను హక్కు లభించును. ఆ ధనము ఖజానాకు పోయి మరలివచ్చునది కాదు. తిన్నగా సమితి ఖాతాలో చేరును.

ఈ చివరి మాట చిన్నదిగా తోచును గాని, అదియే ప్రాణము. పొరుగుననే యున్న జింబాబ్వే దేశము ఈ మార్గమున ముందుగ నడచినది. 1989లో అచట 'కాంప్‌ఫైర్' అను పేరుతో ఇట్టి పథకమే ఆరంభమైనది. కాని అచట హక్కు పల్లెలకు కాక జిల్లా మండలులకు ఈయబడినది. మండలి చేతికి వచ్చిన ధనములో పల్లెకు చేరునది మండలి దయపై ఆధారపడినది. చాలచోట్ల అది పల్లెవరకు చేరకముందే ఇంకిపోయినది. ఏటి నీరు ఎంత పారినను పిల్లకాలువ తెగియున్నచో చివరి మడి తడవదు గదా! నమీబియావారు ఆ యనుభవమునుండి పాఠము నేర్చిరి.

1998లో మొదటి నాలుగు సమితులు నమోదైనవి. నేడు 86 సమితులు దేశవైశాల్యములో సుమారు అయిదవ వంతు భూమిపై పనిచేయుచున్నవి. రెండు లక్షలకు పైగా జనము వాని పరిధిలో నివసించుచున్నారు. మొదటి నాలుగింటిలో మూడింటిని గూర్చి కొంచెము చెప్పుట ఉచితము.

ఒకదాని పేరునకు దమారా భాషలో 'ఏనుగుల మూల' అని యర్థము. ఆ భాషలో నాలుకతో టక్కున చప్పుడు చేసి పలుకు హల్లులు కలవు. మన లిపిలో వానిని వ్రాయుట సాధ్యము కాదు కనుక అర్థముతోనే సరిపెట్టుకొందము. అచట ఏనుగులు నీటికై ఊళ్లలోనికి వచ్చి గాలిమరలను, తొట్లను పడగొట్టెడివి. సమితివారు ఊరి తొట్లచుట్టు బలమైన రాతిగోడలు కట్టిరి. ఏనుగులకు ఊరికి ఎడముగా వేరే నీటివసతి ఏర్పరచిరి. 2005లో గ్రూట్‌బర్గ్ అను కొండ అంచున ఒక వసతి గృహము తెరువబడినది. దాని యజమాని ఏ కంపెనీయు కాదు, ఆ సమితియే. వంట చేయువారు, గదులు చూచువారు, మృగముల జాడ చూపువారు అందరును ఆ చుట్టుపట్లవారే.

రెండవది టొర్రా. అచటివారు 1996లోనే ఒక యాత్రికసంస్థతో ఒడంబడిక చేసికొనిరి. వసతి గృహమును సంస్థ నడుపును. గదుల ఆదాయములో పదవ వంతు ఊరికి చెల్లించును. ఉద్యోగములు ఊరివారికే ఈయవలెను. ఇట్టి ఒడంబడికలకు ఆ దేశమున ఇది మార్గదర్శకమైనది. కొలది సంవత్సరములలోనే టొర్రా సమితి పరుల సహాయము లేకుండ తన ఖర్చు తాను భరించు స్థితికి వచ్చినది.

మూడవది ఈశాన్యమున గల న్యై న్యై. అది సాన్ జాతివారిది. వారు వేటలోను, కందమూలములను గుర్తించుటలోను అందెవేసిన చేయి. ఐరోపావారు 'దయ్యపు గోరు' అని పిలుచు ఒక మొక్క దుంప కీళ్లనొప్పులకు ఔషధముగా అమ్ముడగుచున్నది. సాన్ ప్రజలు తల్లివేరును కదలింపక ప్రక్కదుంపలను మాత్రమే త్రవ్వి, గోతిని మరల పూడ్చుదురు. మొక్క మరల పెరుగును. సంరక్షణ యనగా ముట్టుకొనకుండుట యని మనలో కొందరి తలంపు. తల్లివేరు నుంచి ప్రక్కదుంప తీయుటయు సంరక్షణయేనని ఆ నిరక్షరాస్యులు శతాబ్దములుగా నెరుగుదురు.

కావలివారు ఇప్పుడు వట్టి కావలియే కాక లెక్కలు కూడ వ్రాయుచున్నారు. ప్రతివానికిని ఒక పుస్తకము ఈయబడును. తాను చూచిన మృగము, కనబడిన ఉచ్చు, పోయిన మేక, పాడైన చేను - వీనినన్నిటిని బొమ్మల సాయముతో అందు గుర్తింతురు. పసుపు పుటలు దినదినపు లెక్కకు, నీలి పుటలు నెలసరి లెక్కకు, ఎర్రపుటలు ఏండ్లతరబడి మార్పును చూచుటకు. చదువు అంతగా లేనివాడు కూడ ఏ నెలలో ఏ కష్టము పెరిగినదో ఒక్క చూపున చెప్పగలడు. ఆ లెక్క మొదట ఉండవలసినది రాజధానిలో కాదు, ఊరిలోననునది ఇందలి సూత్రము. ఏడాదికొకసారి సర్కారువారు, సమితులవారు, సహాయసంస్థలవారు కలిసి వాయవ్యసీమ యంతట తిరిగి మృగములను లెక్కింతురు. లెక్కలో తాము పాల్గొన్నారు కనుక ఆ లెక్కను ఊరివారు నమ్ముదురు.

ఫలితమేమి? 1995 ప్రాంతమున నమీబియాలో 7,500 ఏనుగులుండగా నేడు 20,000 దాటినవి. నల్ల ఖడ్గమృగములు 1970 ప్రాంతమున ఆఫ్రికా అంతట 65,000 ఉండెడివి. పాతికేండ్లలో 2,500కు లోపు మిగిలినవి. ఈనాడు ఆ జాతిలో సుమారు మూడవ వంతునకు నమీబియాయే నెలవు. వనముల వెలుపల కంచె లేని నేలమీద స్వేచ్ఛగా తిరుగు నల్ల ఖడ్గమృగములు ఇంత పెద్దసంఖ్యలో మరెక్కడను లేవు. గత దశాబ్దమున కొమ్ముల దొంగలు మరల విజృంభించినప్పుడు, సమితులు తమ మనుష్యులను ప్రత్యేకముగా ఖడ్గమృగముల కావలికి నియమించినవి. ఆ కావలివారు ప్రతి మృగమును చెవి గంటులను బట్టి, కొమ్ము తీరును బట్టి వేరువేరుగా గుర్తింపగలరు.

ఇంతమాత్రమున అంతయు బాగున్నదనుకొనుట పొరపాటు. మృగములు పెరిగినకొలది నష్టమును పెరిగినది. ఈశాన్యమున జాంబెజీ నదీప్రాంతమున ఆరునెలల సజ్జ, జొన్న, మొక్కజొన్న పంటను ఏనుగుల మంద ఒక్క రాత్రిలో తొక్కి పోవును. అచటి రైతులు ఎండుమిరపకాయలను ఏనుగులద్దెతో కలిపి ఎండబెట్టి, చేను గట్టున పొగవేయుదురు. మిరపపొగ ఘాటు ఎట్టిదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. తొండము గల జంతువు సంగతి వేరే చెప్పవలెనా! వాయవ్యమున సింహములకు మెడపట్టీలు కట్టి, అవి ఊరిదాపునకు వచ్చినప్పుడు హెచ్చరిక అందు ఏర్పాటు చేసిరి. పశువుల దొడ్లను గట్టిపరచుచున్నారు. నష్టపోయినవారికి కొంత సొమ్ము ముట్టజెప్పు పథకము కలదు. కాని అది ఆసరాయే గాని పూర్తి పరిహారము కాదు. వసతి గృహపు ఆదాయము ఊరందరిది. పోయిన ఆవు ఒక్కనిది. ఈ యెడమును పూడ్చుట ఇంకను సాధ్యము కాలేదు.

మరియొక చిక్కు వేటను గూర్చినది. సమితుల ఆదాయములో కొంత విదేశములనుండి వచ్చు ధనికులు చెల్లించు వేటరుసుము. ఏ జాతిలో ఎన్నింటిని వేటాడవచ్చునో ప్రభుత్వము లెక్కలను బట్టి నిర్ణయించును. మాంసము ఊరికి చెందును. అహింస పరమధర్మమని విన్న చెవులకు ఈ మాట రుచింపదు. ఐరోపాలోను దీనిని ఖండించువారు చాలమంది కలరు. అయితే యాత్రికులు పోని దుర్గమప్రాంతములలో కావలివాని జీతము ఈ రుసుమునుండియే వచ్చుచున్నదని సమితులవారు చెప్పుచున్నారు. రుసుము వలదన్నవారు దానికి బదులు జీతమునకు దారి చూపవలెననునది వారి వాదము. కెన్యాలో 1977 నుండి వేట నిషిద్ధము. అచట మసాయి మారా వనపు సరిహద్దులలో 2005 నుండి మసాయి కుటుంబములు తమ భూములను కలిపి యాత్రికసంస్థలకు కౌలుకిచ్చి, కౌలు సొమ్ముతో మృగములకు చోటు విడుచుచున్నవి. కనుక మార్గము ఒక్కటే యని చెప్పరాదు. అచటి గడ్డి, అచటి త్రోవలు, అచటి రాకపోకలు వేరు. ఏ మార్గము తగునో ఆ నేలపై నున్నవారు తేల్చుకొనవలెను.

2020లో కోవిడ్ వ్యాధి వచ్చినప్పుడు ఈ కట్టడమునకు పెద్ద పరీక్ష జరిగినది. అంతకు ముందు సంవత్సరమున సమితులకు రొక్కముగాను, వస్తురూపముగాను లభించిన ఆదాయము 15 కోట్ల నమీబియా డాలర్లకు పైబడినది. విమానములు ఆగిపోవుటతో యాత్రికులు లేరు. వసతి గృహములు మూతపడినవి. అయినను కావలివారు చాలచోట్ల కావలి మానలేదు. ప్రభుత్వమును, సహాయసంస్థలును కలిసి అత్యవసరనిధి కూర్చి వారి జీతములను నిలిపినవి. కాని ఒక్క ఆదాయముపై ఆధారపడుట ఎంత అపాయకరమో అందరికిని తెలిసివచ్చినది. అందుచే ఇప్పుడు మరియొక పద్ధతిని కూడ పెంచుచున్నారు. ఏనుగులు నడచు దారిని దున్నకుండ విడిచిన ఊరికి, ఆ దారిలో ఏనుగు నిజముగా నడచినట్లు కెమెరాలో కనబడినచో, సొమ్ము చెల్లింతురు. జాంబెజీ ప్రాంతమున సోబ్బె అను సమితి ఈ విధముగా ఏనుగుల బాటను కాపాడుచున్నది.

కరవు వదలలేదు. 2024లో తీవ్రమైన అనావృష్టివలన ప్రభుత్వము అత్యవసరస్థితిని ప్రకటించి, 83 ఏనుగులతో సహా 723 మృగములను చంపి మాంసమును కరవుపాలైన ప్రజలకు పంచుటకు నిర్ణయించినది. లోకము విస్తుపోయినది. ఆకలిగొన్న పల్లె సంగతి తెలియనివారికి ఆ నిర్ణయము క్రూరముగా తోచును. తెలిసినవారికి అది దుఃఖకరముగా తోచును. ఇంకొక లోపము కూడ గలదు. సమితులకు మృగములపై హక్కు ఉన్నది గాని భూమిపై పూర్తి హక్కు లేదు. గనులకై, చమురుకై ఎవరైన అనుమతి తెచ్చుకొన్నను, పరుల పశువులు మేతకు వచ్చి పడినను, గట్టిగా కాదనుటకు వారికి చట్టబలము చాలదు. కొన్ని సమితులలో కార్యవర్గమువారు సొమ్మును దుర్వినియోగము చేసిరను ఫిర్యాదులును లేకపోలేదు. అందులకు మందు సమితిని రద్దు చేయుట కాదు. సభ్యులు సర్వసభ్య సమావేశమున లెక్క అడుగుట. అడుగుట నేర్చిన ఊళ్లలో కార్యవర్గములు మారిన సందర్భములు కలవు.

అట్టి ప్రజలకు సహాయము చేయదలచినవారు గ్రహింపవలసినవి మూడు సంగతులు. మొదటిది: సహాయము దీర్ఘకాలికము కావలెను. చెట్టు క్రింద జరిగిన మొదటి సంభాషణమునుండి చట్టము వచ్చుటకు పదమూడేండ్లు పట్టినది. రెండు మూడేండ్లలో ఫలితములు చూపుమను దాతల తొందర ఇచట పనికిరాదు. రెండవది: నిర్ణయము ఊరిది కావలెను. పైనుండి వచ్చినవాడు లెక్కలు నేర్పవచ్చును, ఒడంబడికలోని మెలికలను విడమరచి చెప్పవచ్చును, న్యాయవాదిని తోడు ఈయవచ్చును. కాని ఊరి తరఫున అవునని గాని కాదని గాని చెప్పరాదు. మూడవది: తాను లేకున్నను పని సాగునట్లు చేసి తొలగుటయే సహాయకుని కృతార్థత.

మరల మొదటి ప్రశ్నకు వత్తము. మేకను పోగొట్టుకొన్న గృహస్థు సింహమును ఎందులకు బ్రతుకనీయవలెను? లోకక్షేమమునకని చెప్పిన అతడు వినడు. వినవలసిన పనియు లేదు. సింహము బ్రతికియుండుటవలన తన కొడుకునకు కావలి ఉద్యోగము, తన పల్లెకు నీటిగొట్టము, సభలో తన మాటకు విలువ లభించినప్పుడు అతడు బాణము దించి ఒక్క క్షణము ఆలోచించును. ఆ ఒక్క క్షణమును సంపాదించుటకే ఇన్ని చట్టములును, ఇన్ని లెక్కలును. కొన్ని రాత్రులు అతడు ఆలోచించి కూడ బాణము వేయును. ఆ సంగతియు మనము మరువరాదు. కాని నలువదేండ్ల క్రిందట నూరింటికి లోపు మిగిలిన ఖడ్గమృగముల సంతతి నేడు ఆ రాళ్ల నేలలో, ఏ కంచెయు లేక, తమ దూడలతో తిరుగుచున్నదనిన, అధికభాగము రాత్రులలో అతడు బాణమును దించియే యున్నాడనుటకు వేరే సాక్ష్యము అక్కరలేదు.